‘అదుపుతప్పి’ అంటే చెప్పినట్టా, చెప్పనట్టా?

మన పేపర్లలో జిల్లా పేజీ తెరిస్తే తరచూ కనబడే మాట ‘అదుపుతప్పి’. బైకు అదుపుతప్పి డివైడర్‌ను ఢీకొంది. బైకు అదుపుతప్పి కాలవలోకి దూసుకెళ్ళింది. అక్కడితో వార్త అయిపోతుంది. ముందు చక్రం జారిందా, వెనక చక్రం జారిందా, టైర్లో గాలెంత ఉంది, ఆ బండికి ఆ నెలలో ఏ రిపేరు చేయించారు, ఇవేవీ ఎవరికీ అక్కర్లేదు. చుట్టూ చేరిన జనం తమ వంతుగా ఒక మాట కలుపుతారు: ‘స్పీడు’. దాంతో తీర్పు కూడా అయిపోతుంది.

మొన్న ఫిబ్రవరిలో నా బండి అదుపుతప్పింది. రోడ్డు మీద కాదు, రేస్ ట్రాక్ మీద. ఒంటి మీద లెదర్ సూటు ఉంది, దగ్గర్లో అంబులెన్సు ఉంది, ఎదురుగా వచ్చే లారీ లేదు. అందుకని కుడి చీలమండ బెణికి, ఫుట్‌రెస్టు విరిగి, హ్యాండిల్ వంగడంతో సరిపోయింది. కానీ వెనక చక్రం ఎందుకు జారిందో తేల్చుకోడానికి నాకు నెల పైనే పట్టింది. ఆ నెలలో విన్న సలహాలన్నీ రాస్తే ఇంకో బ్లాగు అవుతుంది కాబట్టి పనికొచ్చినవే రాస్తాను.

హైదరాబాద్‌లో మాలాంటి వాళ్ళకు ట్రాక్ లేదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ రేసు కార్లు తిరిగితే మనకూ మంచి రోజులొచ్చాయని సంబరపడ్డాం. అది రోడ్ల పక్కన గోడలు నిలబెట్టి చేసిన తాత్కాలిక ట్రాక్. మరుసటి ఏడాది రేసే రద్దయింది. కాబట్టి ట్రాక్ డే, అంటే సొంత బండిని రేస్ ట్రాక్ మీద తిప్పుకోనిచ్చే రోజు, మాకు చెన్నైలోనే. పికప్ వ్యాన్లో రెండు బండ్లు కట్టుకుని, మిర్యాలగూడ, అద్దంకి, ఒంగోలు, నెల్లూరు మీదుగా రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లారేసరికి శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై చేరడం. అక్కడి ట్రాక్ 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. నాతో వచ్చింది విజయవాడ నుంచి మా బావ. వాడిదీ నా బండే, రంగే వేరు: 373 సీసీ, సింగిల్ సిలిండర్.

మూడో సెషన్, ఏడో ల్యాపు, అంటే ట్రాక్ చుట్టూ ఏడో చుట్టు. ఒక కుడి మలుపు. నాలుగో గేరు, గంటకు 90 కిలోమీటర్ల దగ్గర. మలుపు సగం దాటి, బండి ఇంకా బాగా వాలి ఉండగానే మెల్లగా త్రాటిల్ (యాక్సిలరేటర్) తెరుస్తున్నాను. అక్కడ తారులో చిన్న ఎత్తు ఉంది, కంటికి కనబడదు, నడుముకు తెలుస్తుంది. ఆ ఎత్తు మీదకు రాగానే వెనక నుంచి ఎవరో బండిని పక్కకు లాగేసినట్టయింది. ఆ తర్వాత నాకు తెలిసింది ఆకాశమూ, గరగరమనే చప్పుడూ.

వెనక చక్రం జారినప్పుడు రెండు రకాలుగా పడొచ్చు. జారిన చక్రం జారుతూనే పోతే బండి మన కింద నుంచి తప్పుకుంటుంది, మనం నేల మీద దొర్లుతాం. అది తక్కువ బాధ. భయపడి త్రాటిల్ టక్కున మూసేస్తే, పక్కకు తిరిగిపోయిన చక్రానికి ఒక్కసారిగా పట్టు దొరుకుతుంది, బండి ఎగిరి నిటారుగా లేస్తుంది, మనల్ని గాల్లోకి విసిరేస్తుంది. ఎముకలు విరిగేది అప్పుడు. నాకు మొదటిది జరిగింది. నా తెలివి ఏమీ లేదు అందులో, త్రాటిల్ మూసేంత టైము లేకపోయింది, అంతే.

బండిని పాడాక్‌లోకి, అంటే ట్రాక్ పక్కన బండ్లు నిలిపే చోటికి, తెచ్చేసరికి పంచాయితీ సిద్ధంగా ఉంది.

‘టైర్లు వేడెక్కలేదు తమ్ముడూ’ అన్నాడొక సీనియర్. ఏడో ల్యాపులో, చెన్నై ఎండలో! ‘ట్రాక్ మీద ఆయిల్ ఉండుంటుంది’ అన్నారింకొకరు. నా వెనకే వచ్చిన నలుగురు అదే దారిలో హాయిగా వెళ్ళిపోయారు. బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన టైరు కంపెనీనే తిట్టాడు. మా బావ మాత్రం భుజం మీద చెయ్యేసి, ‘బావా, త్రాటిల్ ఎక్కువిచ్చేశావ్, ఒప్పుకో’ అన్నాడు. అందరూ తలూపారు. ఆడలేక మద్దెల ఓడు అనిపించుకోవడం ఇష్టంలేక నేనూ తలూపాను.

నా వాదన ఇక్కడ మొదలవుతుంది. ‘త్రాటిల్ ఎక్కువైంది’ అన్న మాట తప్పు కాదు, కానీ దాంట్లో సమాచారం లేదు. టైరు ఆ క్షణంలో ఇవ్వగలిగిన దానికన్నా నేను ఎక్కువ అడిగానన్నది ఎలాగూ నిజం, లేకపోతే జారేదే కాదు. ‘ఇల్లు ఎందుకు కూలింది?’ అంటే ‘బరువు మోయలేక’ అన్నట్టుంది. అంతకు ముందు పద్దెనిమిది ల్యాపులు అదే మలుపులో ఇంచుమించు అంతే త్రాటిల్ ఇచ్చాను. అప్పుడు సరిపోయింది ఇప్పుడెందుకు ఎక్కువైంది? చెప్పాల్సింది అదీ.

టైరు పట్టును నేను నెల జీతంలా ఊహించుకుంటాను. మలుపు తిరగడానికి కొంత, ముందుకు తోయడానికి కొంత ఖర్చవుతుంది. రెండూ ఒకే జేబులోంచి. అయితే కూడిక మామూలు కూడిక కాదు, లంబకోణ త్రిభుజం లెక్క. అందువల్ల ఒక చిత్రం ఉంది: జీతంలో 95 శాతం మలుపుకే పోయినా, ముందుకు తోయడానికి ఇంకా 31 శాతం దాకా మిగులుతుంది. 99 శాతం పోతే 14 శాతమే. అంటే ఆ నాలుగు శాతం దగ్గర ఉన్న మిగులు సగానికి పైగా పడిపోతుంది. అందుకే అనుభవమున్న రైడర్లు కూడా ‘అంతా బాగానే ఉంది, హఠాత్తుగా పోయింది’ అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు.

కానీ ఈ లెక్కంతా జీతం మారదన్న నమ్మకం మీద నడుస్తుంది. టైరుకు పట్టు వచ్చేది దాన్ని నేలకు అదిమే బరువు వల్ల. ఆ బరువు ఒక్క క్షణం తగ్గితే జీతమే తగ్గినట్టు. ఖర్చు అదుపులో ఉన్నవాడు కూడా అప్పులపాలవుతాడు. నా విషయంలో ఖర్చు పెరిగిందా, జీతం తగ్గిందా?

సాయంత్రం అక్కడి ఇన్‌స్ట్రక్టర్ ఒకాయన వచ్చాడు. ఏళ్ళ తరబడి రేసులు చేసిన మనిషి. తమిళమూ ఇంగ్లిషూ కలిపి ఒకటే అడిగాడు: పోయినసారి వచ్చినప్పటికీ ఇప్పటికీ బండిలో ఏం మార్చావు? ‘ఏమీ మార్చలేదు సార్’ అన్నాను. నిజాయితీగానే అన్నాను. ఆయన ఒకసారి బండి వైపు చూసి, సరే అని వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఆ జవాబు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

ఇంకొకటి కూడా అప్పుడే జరిగింది, నేను పట్టించుకోలేదు. హ్యాండిల్ వంగిపోయింది కాబట్టి తిరుగు ప్రయాణంలో బండిని మామూలుగా ముందు నుంచి కట్టడం కుదరలేదు. వ్యాను డ్రైవరు బెల్టును సీటు వెనక నుంచి వేసి రాచెట్ తిప్పుతున్నాడు. రెండు సార్లు తిప్పి ఆగి, తోక మీద రెండు చేతులూ ఆనించి నొక్కి చూసి, ‘దీనికి వెనక స్ప్రింగు లేదా అన్నా? బండి దిగట్లేదు’ అన్నాడు. ‘రేసు బండి, అలాగే గట్టిగా ఉంటుంది’ అన్నాను నేను, పెద్ద తెలిసినవాడిలా. పక్కనున్న మా బావ కూడా ‘అవునవును’ అన్నాడు.

ఇంటికొచ్చాక కాలికి కట్టు కట్టుకుని కూర్చున్న పది రోజుల్లో చేసిన పని వీడియో చూడడం. ట్యాంకు మీద చిన్న కెమెరా ఉంది. వీడియో చూస్తే ఏమీ తెలియదు: తారు, తారు, ఆకాశం. ఫోన్లోని జీపీఎస్ యాప్ సెకనుకు ఒక్కసారే రాసుకుంది. 90 కిలోమీటర్ల వేగంలో సెకనుకు బండి 25 మీటర్లు పోతుంది, కాబట్టి ఆ యాప్ దృష్టిలో నేను మలుపులో ఒకచోట ఉన్నాను, తర్వాత గడ్డిలో ఉన్నాను. మధ్యలో ఏం జరిగిందో దానికీ నాకూ ఒకే అంత తెలుసు.

అప్పుడు శబ్దం మీద ధ్యాస పడింది. సింగిల్ సిలిండర్ బండితో ఒక సుఖముంది. నాలుగు స్ట్రోకుల ఇంజిను రెండు చుట్లకొకసారి పేలుతుంది. నిమిషానికి 7,100 చుట్లు అంటే సెకనుకు 59 పేలుళ్ళు, అంటే 17 మిల్లీసెకన్లకొకటి. ల్యాప్‌టాప్‌లో ఆడియోను పెద్దది చేసి చూస్తే ఒక్కో పేలుడూ ఒక్కో కొండలా నిలబడి ఉంటుంది. కొండకూ కొండకూ మధ్య దూరం కొలిస్తే ఇంజిను ఆ క్షణంలో ఎంత వేగంగా తిరుగుతోందో తెలిసిపోతుంది. ఇంజినుకు చక్రం చైనుతో కట్టి ఉంది. చక్రం జారితే ఇంజిను పరుగెత్తుతుంది. జారడం ఎప్పుడు మొదలైందో, ఎలా మొదలైందో ఆ కొండల మధ్య రాసి ఉంటుంది.

పేలుళ్ళ మాటొచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. 1992లో హోండా తన ఎన్ఎస్ఆర్ 500 రేసు బండిలో నాలుగు సిలిండర్లూ సమాన దూరంలో కాకుండా దగ్గర దగ్గరగా పేలేలా ఇంజిను మార్చింది. ఒక విడత దెబ్బలు పడ్డాక కాస్త ఖాళీ దొరుకుతుంది, ఆ ఖాళీలో వెనక టైరు మళ్ళీ నేలను పట్టుకుంటుందన్నది దాని వెనకున్న ఆలోచన. బిగ్ బ్యాంగ్ అని పేరు పడింది, మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. ఐదేళ్ళ తర్వాత 1997లో హోండా రైడరు మిక్ డూహన్ మళ్ళీ పాత పద్ధతి ఇంజినుకే తిరిగి వెళ్ళి, ఆ ఏడాదీ ఛాంపియన్ అయ్యాడు. వెనక పట్టు గురించి ఎవరైనా ‘ఇదే సూత్రం’ అని ఘంటాపథంగా చెబితే నాకు ఈ ఇద్దరి కథా గుర్తొస్తుంది.

సరే, నా కొండల దగ్గరికి. త్రాటిల్ నిజంగా ఎక్కువైతే కొండల మధ్య దూరం నెమ్మదిగా, నునుపుగా తగ్గుతూ పోవాలి. అలా లేదు. పడిన ల్యాపులో దూరం 16, 16, 16 అంటూ స్థిరంగా ఉంది, సరిగ్గా ఆ ఎత్తు తగిలిన ‘టక్’ తర్వాత 15, 14, 13కి పడిపోయింది. అంటే ఎత్తు మీదకొచ్చేదాకా చక్రం జారడం లేదు. దాని మీద నుంచి దిగాక ఇక ఆగలేదు.

ఇంకా వెనక్కి వెళ్ళి అదే సెషన్‌లో నాలుగు, ఐదు, ఆరు ల్యాపులు చూశాను. నా వెన్ను జలదరించింది. అదే చోట, అదే టక్ తర్వాత, మూడు ల్యాపుల్లోనూ దూరం ఒక్కసారి 15కి పడి మళ్ళీ 16కి వచ్చింది. పదోవంతు సెకను ఎక్కిళ్ళు. చక్రం ప్రతి ల్యాపులోనూ అక్కడ గాల్లోకి లేచినంత పని చేస్తోంది, దిగి మళ్ళీ పట్టుకుంటోంది. ఏడో ల్యాపులో పట్టుకోలేదు. నేను కింద పడడం ఏడో ల్యాపులో జరిగిందని నా నమ్మకం. శబ్దం ప్రకారం నాలుగో ల్యాపు నుంచే పడుతున్నాను.

పోయిన నవంబరు వీడియో కూడా దాచి ఉంది. అదే మలుపు, అదే గేరు, అదే ఎత్తు. టక్ ఉంది, ఎక్కిళ్ళు లేవు. పైగా అప్పుడు కొండల మధ్య దూరం 17, ఇప్పుడు 16. అంతే వేగానికి ఇంజిను ఇప్పుడు ఎక్కువ తిరుగుతోంది. ఎందుకు ఎక్కువ తిరుగుతోంది? అప్పుడు వెలిగింది. డిసెంబర్లో వెనక స్ప్రాకెట్, అంటే చైను ఎక్కే పళ్ళ చక్రం, మార్చాను కదా!

45 పళ్ళది తీసి 47 పళ్ళది వేశాను. సలహా బావదే: ‘47 వెయ్ బావా, మలుపులోంచి రాకెట్‌లా లేస్తుంది.’ చక్రానికి అందే తోపు నాలుగున్నర శాతం దాకా పెరుగుతుంది. అది నాకు ‘మార్పు’ అని తట్టనే లేదు. నా లెక్కలో అది బాగుచేయడం. మార్పు అంటే ఏదో చెడగొట్టినట్టుండాలి కాబోలు. మనం డబ్బు పెట్టి, ఇష్టపడి, ఫోటో తీసి స్నేహితులకు పంపిన పార్టును అనుమానితుల జాబితాలో పెట్టడానికి మనసు ఒప్పదు. ఇన్‌స్ట్రక్టర్ అడిగినప్పుడు ‘ఏం మార్చావు’ అని కాక ‘ఏం బాగుచేశావు’ అని అడిగుంటే ఆ సాయంత్రమే గర్వంగా చెప్పేవాణ్ణి.

అయినా అప్పటికీ నేను పట్టుకున్నది తప్పు కొసే. తోపు పెరిగింది కాబట్టి జారింది అనుకున్నాను, అంటే చుట్టూ తిరిగి మళ్ళీ ‘త్రాటిల్ ఎక్కువైంది’ దగ్గరికే. నాలుగున్నర శాతం తోపు వల్ల ఎత్తు మీద చక్రం గెంతదు. గెంతడానికి వేరే ఏదో ఉండాలి.

ఈలోగా టైరు గాలి సంగతీ తేల్చుకున్నాను, ఎందుకంటే పాడాక్‌లో సగం మంది అదే అన్నారు. పొద్దున 27 డిగ్రీల దగ్గర 32 పీఎస్ఐ పెట్టాననుకోండి. లోపలి గాలి 77 డిగ్రీలకు వేడెక్కితే అది 40 దగ్గరికి చేరుతుంది. గాలి ఎక్కువైతే టైరు నేలను తాకే చోటు చిన్నదవుతుంది, చిన్న ఎత్తులకు కూడా ఎగురుతుంది. కాబట్టి అనుమానం సబబైనదే. బైకు రేసుల్లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ అయిన మోటోజీపీలో దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకుంటారంటే, ముందు టైరుకు కనీస పీడనం నిబంధన ఉంది, తగ్గితే పెనాల్టీ. 2025లో థాయ్‌లాండ్ రేసులో ముందున్న మార్క్ మార్కెజ్ కావాలని తమ్ముడు అలెక్స్‌ను ముందుకు పోనిచ్చి, అతని బండి వెనక వేడిగాలిలో నడిపి టైరు పీడనం పెంచుకుని, చివర్లో మళ్ళీ దాటి గెలిచాడు. నా సంగతికొస్తే, రెండో సెషన్ అవగానే కొలిచిన అంకె పుస్తకంలో రాసి ఉంది: 35. పొద్దున 28 పెట్టాను. నవంబర్లోనూ అంతే. గాలి నిర్దోషి.

ఒక చిన్న కంప్లయింటు మాత్రం చెప్పుకోవాలి. పెట్రోలు బంకులో గేజీ, పంక్చర్ షాపులో గేజీ, నా గేజీ, మూడూ మూడు మాటలు చెప్తాయి. రెండు మూడు అంకెల తేడా మామూలు. ఏ గేజీ నిజమో తేల్చుకోడం కన్నా ఎప్పుడూ ఒకే గేజీ వాడడం మేలు. మనకు కావల్సింది నిన్నటికీ ఇవాళ్టికీ తేడా.

తర్వాత సస్పెన్షన్. నా బండికి వెనక స్ప్రింగు బిగింపు తప్ప తిప్పడానికి ఇంకో స్క్రూ లేదు. చూడాల్సింది ఒక్కటే: మనిషి ఎక్కి కూర్చుంటే వెనక ఎంత దిగుతోంది. నవంబర్లో కొలిచి రాసుకున్నాను: 36 మిల్లీమీటర్లు. ట్రాక్‌కు 30 నుంచి 35 అంటారు, నా బరువుకు 36తో సరిపెట్టుకున్నాను. ఇప్పుడు మా ఆవిడను టేపు పట్టుకోమని ఎక్కి కూర్చుంటే 24. స్ప్రింగు బిగింపు మార్చలేదు. నేను బరువు తగ్గలేదు, ఆ విషయం టేపు పట్టుకున్న మనిషి కూడా ధ్రువీకరించింది. మళ్ళీ కొలిచాం. 24. సీటు మీద కుదిపి కూర్చున్నాను. 25. ఏదో కట్టేసినట్టు ఆగిపోతోంది.

‘దీనికి వెనక స్ప్రింగు లేదా అన్నా?’

కిందికి వంగి చైను కింది వరసను వేలితో నొక్కాను. నేను ఎక్కకముందే అది బిర్రుగా ఉంది. మాన్యువల్ చెప్పిన వదులులో సగం కూడా లేదు. నేను కూర్చుంటే తీగలా మోగింది.

జరిగిందేమిటో కాగితం మీద గీస్తే తేలిపోయింది. వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ ఒక కీలు మీద పైకీ కిందికీ ఊగుతుంది. ఆ కీలూ, ఇంజిను దగ్గరి చిన్న స్ప్రాకెట్టూ ఒకే చోట ఉండవు, కీలు కాస్త వెనక ఉంటుంది. అందువల్ల సస్పెన్షన్ దిగే కొద్దీ చిన్న స్ప్రాకెట్‌కూ వెనక ఇరుసుకూ మధ్య దూరం పెరుగుతుంది. చిన్న స్ప్రాకెట్, కీలు, ఇరుసు మూడూ ఒకే గీత మీదకు వచ్చినప్పుడు దూరం అన్నింటికన్నా ఎక్కువ. చైనుకు వదులు ఇచ్చేది అక్కడిదాకా చేరడానికే. వదులు లేకపోతే ఆ గీతకు చేరకముందే చైను బిగుసుకుని, చక్రాన్ని అక్కడే పట్టి ఆపేస్తుంది. గొలుసుతో కట్టేసిన కుక్క గొలుసు పొడవు దాకానే పరుగెత్తుతుంది.

ఇక నా చైనులో వదులు ఎలా పోయింది? 520 రకం చైనులో ఒక లింకు దూరం 15.875 మిల్లీమీటర్లు. చైను స్ప్రాకెట్‌ను సుమారుగా సగం చుట్టు చుట్టుకుంటుంది కాబట్టి, రెండు పళ్ళు పెరిగితే ఒక లింకు పొడవు అదనంగా కావాలి. అది పై వరసలో సగం, కింది వరసలో సగం తీసుకోవాలి. అంటే ఇరుసు ఎనిమిది మిల్లీమీటర్లు ముందుకు జరగాలి. నా బండిలో ఇరుసును జరిపే అడ్జస్టర్‌కు ముందుకు మిగిలింది ఐదు. చైను కొత్తది, సాగలేదు, ఉన్న పొడవుతోనే ఎక్కించాను. మిగతా మూడు మిల్లీమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? చైను వదులులోంచి. మూడు మిల్లీమీటర్లు ఏపాటి అనిపిస్తుంది. అర మీటరు దాటిన చైనులో మూడు మిల్లీమీటర్ల పొడవు మిగిలితే అది మధ్యలో దాదాపు మూడు సెంటీమీటర్లు కదులుతుంది. ఆ మూడూ పోతే కదలదు. చైను బిగించిన రాత్రి నాకూ ‘కొంచెం టైటుగా ఉందే’ అనిపించింది. సరిపోతుందిలే అనుకున్నాను. మెకానిక్ మీద తోసేద్దామన్నా వీల్లేదు, ఆ పని చేసింది నేనే, ఇంటి పార్కింగులో, పాటలు వింటూ. తర్వాత బండి నడుపుతుంటే వచ్చిన ‘గుయ్’ మన్న శబ్దాన్ని రేసు బండి శబ్దం అనుకుని మురిసిపోయాను కూడా.

మరి తిన్నని రోడ్డు మీద ఎందుకు తెలియలేదు? మలుపులో బండి బరువు పెరుగుతుంది. 45 డిగ్రీలు వాలితే టైరు మీద, సస్పెన్షన్ మీద పడే భారం 1.41 రెట్లు. 60 డిగ్రీలు దాటి వాలే మోటోజీపీ వాళ్ళకు రెండు రెట్ల పైనే. ఆ భారానికి వెనక ఇంకా కిందికి దిగాలి, సరిగ్గా దిగాల్సిన చోట చైను ఆపుతోంది. ఉదయం సెషన్లలో నెమ్మదిగా వెళ్ళాను, తక్కువ వాలాను, తక్కువ దిగింది, గొలుసు చివరిదాకా వెళ్ళలేదు. మూడో సెషన్‌లో ధైర్యమొచ్చి వేగం పెంచాను. నాలుగో ల్యాపు నుంచి చైను చివరంచు మీద నడుస్తున్నాను. అప్పుడు ఎత్తు తగిలితే చక్రం లోపలికి మడుచుకోవాలి. మడుచుకోలేక గెంతింది. గెంతిన పదోవంతు సెకనులో జీతం సగానికి పడిపోయింది, ఖర్చు మాత్రం అలాగే ఉంది.

ఈ కథ విన్న ప్రతివాడూ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘అంటే నీ తప్పేం లేదంటావా?’ ఉంది. వీడియో పక్కపక్కన పెట్టి చూస్తే ఏడో ల్యాపులో త్రాటిల్ ఒక బండి పొడవు ముందే తెరిచాను. మూడు ల్యాపులు వెనక చక్రం ఎక్కిళ్ళు పెడుతుంటే నా నడుముకు తెలిసే ఉంటుంది, నేను వినలేదు. మంచి రైడరైతే నాలుగో ల్యాపులోనే పిట్‌లోకి వచ్చేసేవాడు. ఇవన్నీ ఒప్పుకుంటాను. నేను ఒప్పుకోనిది ఆ ఒప్పుకోలుతో విచారణ ముగించడాన్ని. ‘నాదే తప్పు, త్రాటిల్ ఎక్కువిచ్చా’ అని ఆ సాయంత్రమే తల వంచుకుని ఉంటే అందరూ మెచ్చుకునేవాళ్ళు, వినయవంతుడని. తర్వాతిసారి త్రాటిల్ తగ్గించి, అదే చైనుతో, అదే మలుపులో ఇంకో ల్యాపులో పడేవాణ్ణి. తప్పు ఒప్పుకోవడం కూడా ఒక్కోసారి ఆలోచన మానేయడానికి మర్యాదైన దారి.

ట్రాక్షన్ కంట్రోల్ ఉంటే ఇదంతా ఉండేది కాదుగా అన్నవాళ్ళూ ఉన్నారు. ఉంటే జారడం మొదలవగానే ఇంజిను తోపు తగ్గించేది, బహుశా నేను పడేవాణ్ణి కాదు. కానీ అది చక్రాన్ని నేలకు అదమలేదు. తోపు తగ్గించగలదు, బరువు పెంచలేదు. నేను బిగుసుకున్న చైనును నెలల తరబడి హాయిగా మోసుకు తిరిగేవాణ్ణి, గేరు బాక్సు బేరింగు పోయేదాకా.

రోడ్డు మీద ‘అదుపుతప్పిన’ బండ్లకు ఈ నెల రోజుల విచారణ జరగదు, ఆ సంగతి నాకూ తెలుసు. కెమెరా ఉండదు, నవంబరు వీడియో ఉండదు, పాత కొలతలు రాసిన పుస్తకం ఉండదు. కానీ పడిన బండి మాత్రం ఉంటుంది. స్టేషను బయట వరసగా తుప్పు పడుతూ ఉంటాయి చూడండి. వాటిలో ఎన్నింటికి టైరు అరిగి నున్నగా ఉందో, ఎన్నింటికి చైను వేలాడుతోందో, ఎన్నింటికి బిగుసుకుందో పక్కన నడుస్తూ వేలితో నొక్కి చూసినా తెలుస్తుంది. నేను ఇప్పుడు నొక్కుతున్నాను. కానిస్టేబులు ఒకసారి ‘ఏం కావాలి?’ అని అడిగాడు.

రెండు లింకులు ఎక్కువున్న చైను వేయించాను. 47 పళ్ళ స్ప్రాకెట్ అలాగే ఉంచాను, పాపం దాని తప్పేముంది. కూర్చుంటే మళ్ళీ 36 దిగింది. జులైలో మళ్ళీ చెన్నై వెళ్ళాం. అదే వ్యాను, అదే డ్రైవరు. కట్టేటప్పుడు తోక మీద నొక్కి చూసి, ‘ఇప్పుడు దిగుతోందన్నా’ అన్నాడు. నేను ఫిబ్రవరిలో అతనికిచ్చిన జవాబు ఇద్దరికీ గుర్తుంది, ఇద్దరం దాని ఊసెత్తలేదు.

ఆ మలుపులో మొదటి సెషనంతా ముసలమ్మలా వెళ్ళాను. రెండో సెషన్లో కొంచెం నయం. గదికొచ్చాక ఆడియో తెరిచి చూస్తే, టక్ తర్వాత 16, 16, 16. మధ్యాహ్నం మా బావ హెల్మెట్ తీస్తూ వచ్చి, ‘బావా, ఆ మలుపులో నా బండి వెనక కొద్దిగా కదుల్తోంది. చైనేనంటావా?’ అన్నాడు. వాడిదీ 47 పళ్ళే. వంగి నొక్కి చూశాను. వదులు సరిగ్గా ఉంది.

‘గాలి చూశావా?’

‘పొద్దునే చూశా, 28.’

‘దేంతో చూశావ్?’

‘వచ్చే దారిలో, నాయుడుపేట దగ్గర బంకులో.’

గేజీ తెచ్చేందుకు బ్యాగు దగ్గరికి వెళ్ళాను.